శుక్రవారం రెండు దాటాక పూత వేయరాదు

మా ఫ్యాక్టరీలో శుక్రవారం మధ్యాహ్నం రెండు అయ్యేసరికి నికెల్ పూత వేసే తొట్లు ఆగిపోయేవి. కొక్కేలకు వేలాడే ఇత్తడి కుళాయిలు ఎన్ని మిగిలినా సరే, రెండు దాటితే ఒక్కటి కూడా తొట్టిలోకి దిగేది కాదు. అందరూ చేతులు కడుక్కుని, కొందరు పబ్బుకీ కొందరు సముద్రం ఒడ్డున సెమాఫోర్ జెట్టీకీ వెళ్ళిపోయేవారు. పోర్ట్ అడిలైడ్‌లో మరే ఫ్యాక్టరీకీ ఈ భోగం లేదు.

ఎందుకని అడిగితే తలా ఒక కథ చెప్పేవారు. "సమ్మె చేసి సంపాదించుకున్న హక్కు అది, మా రక్తం!" అని యూనియన్ బ్రూనో గుండె చరుచుకునేవాడు. ఆ సమ్మె ఏ సంవత్సరంలో జరిగిందంటే మాత్రం మాట మార్చేవాడు. శుక్రవారం కరెంటు ఛార్జీ ఎక్కువని మేనేజరు క్లైవ్ నమ్మకం. కారణం తెలియని పనిని ఆచారం అని మొక్కడం నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. మా అమ్మతో గ్రీకు చర్చిలో కూడా ఇదే గొడవ. కానీ పదకొండేళ్ళు నేనూ నోరు మూసుకుని రెండింటికి బ్యాగు సర్దుకున్నాను. సెలవు విషయంలో ఎవరికీ సిద్ధాంతాలు ఉండవు.

తొంభై ఎనిమిది జూన్‌లో, అంటే మా చలికాలంలో, రైల్వేవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మేం వాళ్ళ బోగీ తలుపులకు ఉక్కు స్ప్రింగులు ఇస్తాం. మీరు నికెల్ పూతకు వాడుతున్న స్పెసిఫికేషన్ ఎప్పుడో రద్దయిన ప్రభుత్వ కాగితం మీద ఆధారపడి ఉంది, మందాలన్నీ అంగుళాల్లో ఉన్నాయి, జూలై ఆఖరుకి కొత్త జాతీయ ప్రమాణంలోకి మారకపోతే మీ స్ప్రింగులు తీసుకోం అని దాని సారాంశం. క్లైవ్ ఆ పాత ఫైలు తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

"డెస్పీనా, నువ్వెలాగూ అందరి మీదా సణుగుతుంటావు కదా. కొన్నాళ్ళు ఈ కాగితం మీద సణుగు."

పద్నాలుగు పేజీలు. తారీఖు 1959. రాసింది ఇల్మార్స్ వీటోల్స్ అనే కెమిస్టు. ఆ రోజుల్లో ప్రతి పేజీ అడుగునా రాసినవాళ్ళ పొడి అక్షరాలు, గీత పెట్టి టైపు కొట్టినవాళ్ళ పొడి అక్షరాలు వేసేవారు. వీటోల్స్ పక్కన ఉన్నవి మెర్ల్ ట్రెజైజ్ అక్షరాలు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది కానీ, అదే మెర్ల్ నాకు నాలుగు బల్లల అవతల కూర్చుని డిస్పాచ్ కాగితాలు చూస్తుంది. అరవై రెండేళ్ళు. ఎండాకాలంలో కూడా ఉన్ని స్వెట్టరు వేసుకుంటుంది. శుక్రవారం డబ్బాలో మాంసం, బంగాళాదుంప కూరిన పేస్టీ తెచ్చుకుంటుంది. వాళ్ళది మూంటా రాగి గనుల నుంచి వచ్చిన కార్నిష్ కుటుంబం, పేస్టీ వాళ్ళ సొంత వంట, దాని గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఊరుకోదు.

నా పని తేలికే. మూడు గళ్ళ పట్టిక. ఒక గడిలో పాత నిబంధన, రెండో గడిలో కొత్తది, మూడో గడిలో కారణం. కారణం లేకుండా దేన్నీ ఉంచకూడదు, కారణం లేకుండా దేన్నీ కొట్టేయకూడదు. వీటోల్స్ ఎంత జాగ్రత్త మనిషో రెండు పేజీలు చదివేసరికి తెలిసిపోయింది. పూత మందం ఎక్కడ కొలవాలి, ఎక్కడ కొలవక్కర్లేదు, ఏ ఉక్కుని ఎంతసేపు వేడి చేయాలి, అన్నీ వేరువేరుగా విడదీసి రాశాడు. అంగుళాలు తీసేసి మైక్రాన్లు పెట్టుకుంటూ హాయిగా సాగిపోయాను. తొమ్మిదో నిబంధన దగ్గర బండి ఆగింది.

"శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక ఏ భాగాన్నీ పూతకు దించరాదు."

బ్రూనో సమ్మె, క్లైవ్ కరెంటు ఛార్జీ రెండూ గాలికి పోయాయి. ఆచారం పుట్టుక ఇక్కడ ఉంది. సగం కారణం నాకూ తెలుసు. గట్టిపరచిన ఉక్కులోకి పూత వేసేటప్పుడు హైడ్రోజన్ చేరుతుంది. నాలుగు గంటల్లోపు ఓవెన్‌లో పెట్టి కాల్చకపోతే ఆ స్ప్రింగు తర్వాత ఎప్పుడో ఎండుపుల్లలా విరుగుతుంది. ఆ రోజుల్లో శుక్రవారం సాయంత్రం ఓవెన్ ఆర్పేసేవారు. కాబట్టి మధ్యాహ్నం తర్వాత స్ప్రింగులు దించొద్దనడం సబబే. కానీ ఇత్తడి కుళాయిలకు ఓవెన్‌తో పనేమిటి? ఇత్తడికి హైడ్రోజన్ ఏ హానీ చేయదు. ఉక్కులోనే ఇన్ని రకాలు విడదీసి రాసిన మనిషి ఇక్కడ గంపగుత్తగా "ఏ భాగాన్నీ" అని ఎలా రాశాడు?

మెర్ల్ దగ్గరికి వెళ్ళాను.

"మెర్ల్, ఈ తొమ్మిదో నిబంధన ఎందుకు పెట్టారో మీకేమైనా గుర్తుందా?"

కళ్ళజోడు మీదుగా చూసింది. "ఓవెన్ ఆర్పేసేవాళ్ళు కదమ్మా, అందుకు."

"అది ఉక్కుకి. ఇత్తడికేం రోగం?"

"నేను టైపిస్టుని తల్లీ. ఇచ్చింది కొట్టాను" అని కాగితాల్లో తల దూర్చేసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మర్నాడు తనే నా బల్ల దగ్గరికి వచ్చింది. కుర్చీ లాక్కోలేదు, నిలబడే అడిగింది.

"ఆ తొమ్మిదిని ఏం చేస్తావు?"

"కారణం లేకపోతే కొట్టేస్తాను."

"కారణం ఉంటే?"

"ఉంచుతాను."

"మంచి కారణమే ఉండాలా, ఏదో ఒకటి చాలా?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. "శుక్రవారానికి తొట్టిలో మురికి పేరుకుంటుంది, పూత గరుగ్గా వస్తుంది అని రాయి. రైల్వేవాళ్ళు తల ఊపుతారు. ఎవడొచ్చి తొట్టిలో చెయ్యి పెట్టి చూస్తాడు?"

నిజమే, ఎవరూ చూడరు. వినడానికి ఎంత బాగుందంటే నేనే నమ్మేసేదాన్ని. "అది నిజమేనా మెర్ల్?" అన్నాను.

"రేపు శుక్రవారం. రెండింటికి నాతో సెమాఫోర్ రా" అంది.

జెట్టీ చివర గాలి కోసేస్తోంది. ఎండాకాలంలో నీలం పీతల కోసం వలలు వేసేవాళ్ళతో కిటకిటలాడే చోటు, ఆ రోజు మా ఇద్దరికీ తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. మెర్ల్ పేస్టీ విరిచి సగం నా చేతిలో పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

ఇల్మార్స్ లాట్వియా మనిషి. రీగాలో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. యుద్ధం తర్వాత నలభై తొమ్మిదిలో శరణార్థిగా ఓడెక్కి ఇక్కడికి వస్తే, ప్రభుత్వం రెండేళ్ళు పాత ఇనుము పగలగొట్టే పనిలో పెట్టింది. తర్వాత ఎవరికో ఈయన చదువుకున్నవాడని తట్టి మా ఫ్యాక్టరీలో ఒక బల్ల, ఒక సింకు ఇచ్చి లాబ్ అన్నారు. ఆయన పెన్సిలుతో రాసేవాడు, మెర్ల్ టైపు కొట్టేది. ఆయనకు ముప్పై ఎనిమిది, ఆవిడకు ఇరవై మూడు.

"ఒక శుక్రవారం రైలు స్టేషన్లో కనిపించాడు. చేతిలో పీతల వల. నన్ను చూసి, 'మీ ఇంట్లో పీతలు తింటారా?' అన్నాడు. అదీ ఆయన నాతో ఆఫీసు సంగతి కాకుండా అన్న మొదటి మాట. వచ్చి వలేశాం. ఫ్యాక్టరీలో మందాలు కొలిచే వెర్నియరు జేబులో పెట్టుకొచ్చేవాడు డెస్! ప్రతి పీతనీ దాంతో కొలిచేవాడు. వెంట్రుకంత తక్కువున్నా సముద్రంలోకి వదిలేసేవాడు. 'చట్టం చెప్పిన కొలత కంటే తక్కువుంది, క్షమించు' అని పీతతో చెప్పి మరీ!"

"పిచ్చాడు" అన్నాను.

"పిచ్చాడే" అంది, ఎంతో ఇష్టంగా.

కష్టం ఏమిటంటే అన్ని శుక్రవారాలూ దొరికేవి కావు. స్ప్రింగులు మాత్రమే ఉన్న వారం ఆయన పని రెండింటికి అయిపోయేది. కుళాయిలు ఉన్న వారం తొట్టి ఐదింటిదాకా నడిచేది, కెమిస్టు దగ్గర ఉండాల్సిందే. ఆ వారాల్లో మెర్ల్ స్టేషన్లో రెండు రైళ్ళు వదిలేసి మూడో రైలుకి ఒక్కతే ఇంటికి వెళ్ళేది.

"తొమ్మిదో నిబంధన చిత్తు నా బల్ల మీదకొచ్చింది. ఆయన రాసింది, 'గట్టిపరచిన ఉక్కు భాగాలను దించరాదు' అని. నేను ఉక్కు తీసేశాను. 'ఏ భాగాన్నీ' అని కొట్టాను."

"పొరపాటున చేతులు కొట్టాయా?"

"చేతులకేం తెలుసే? నేనే కొట్టాను. ముందు వద్దనుకున్నాను. లేచి వెళ్ళి టీ తాగొచ్చాను. వచ్చి కొట్టాను."

ముప్పై తొమ్మిదేళ్ళుగా ఒక ఫ్యాక్టరీ మొత్తం ప్రతి శుక్రవారం ఆగిపోయింది ఒక టైపిస్టు పీతలు పట్టడానికి వెళ్ళాలని!

"ఆయన సంతకం పెట్టేశాడు" అంది మెర్ల్. "ప్రతి పేజీ మూడుసార్లు చదివేవాడు. పంక్తి కింద స్కేలు పెట్టుకుని మరీ. కామా పోతే పట్టుకునేవాడు. మరి అది చూశాడంటావా, చూడలేదంటావా? చూసి సంతకం పెట్టాడంటే, నాకు కావాల్సిందే ఆయనకీ కావాలి. చూడలేదంటే, ఆ శుక్రవారాలన్నీ నేను దొంగిలించినవి. ఆయన పాపం ఉత్త పీతల కోసం వచ్చాడు. ఇప్పటికీ నాకు తెలీదు డెస్. పెళ్ళి చేసుకున్నాను, ఇద్దర్ని కన్నాను. కీత్ మంచివాడు, ఆయన మీద ఒక్క మాట అననివ్వను. కానీ శుక్రవారం రెండయ్యేసరికి నాకు మళ్ళీ అదే ప్రశ్న."

"నోరు తెరిచి అడగలేకపోయారా?"

"వేలికి ఉంగరం ఉండేది. రీగాలో పెళ్ళాం. ఉందో లేదో ఆయనకే తెలీదు, ఉత్తరాలు వచ్చేవి కావు. 'నాకు పెళ్ళయింది, మనిషి ఉందో లేదో తెలియని పెళ్ళి' అన్నాడు ఒకసారి. ఇంకేం అడుగుతాను?"

అరవై మూడులో మౌంట్ ఐసా గనుల్లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఆఖరి శుక్రవారం ఈ జెట్టీ మీదే, "అక్కడ సముద్రం లేదు. పీతలు దొరకవు" అన్నాడట.

"మీరేమన్నారు?"

"అవును మరి, ఎడారి కదా, అన్నాను."

నేను నుదురు కొట్టుకున్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. తను చాలాసార్లు కొట్టుకుని ఉంటుంది. తర్వాత క్రిస్మస్‌కి క్రిస్మస్‌కి ఒక కార్డు, అందులో వాన పడిందా లేదా అన్న కబురు తప్ప ఏమీ ఉండేది కాదు. ఎనభై ఒకటిలో ఆవిడ పంపిన కార్డు, మనిషి చనిపోయాడని రాసి తిరిగి వచ్చింది.

"కొట్టేసే ముందు ఒక్కసారి చూడవా?" అంది. "పైన అటకమీద లాబ్ పెట్టెలున్నాయి. ఆయన దిద్దిన ప్రతి ఉందేమో."

"ఇన్నేళ్ళూ మీరే ఎందుకు వెతకలేదు?"

"దొరికితే?" అంది మెర్ల్.

ఆ పెట్టెలు వచ్చే వారం చెత్తలోకి పోతున్నాయని క్లైవ్ చెప్పాడు. మూడు రోజులు భోజనం టైములో ఆ దుమ్ములో కూర్చున్నాను. నా పని కాదు, నాకెందుకు అనుకుంటూనే కూర్చున్నాను. మూడో రోజు దిద్దిన ప్రతి దొరికింది. ఎర్ర పెన్సిలు గీతలు ప్రతి పేజీలోనూ ఉన్నాయి. పదకొండో పేజీలో తొమ్మిదో నిబంధనకు రెండు పంక్తుల కింద ఒక కామా దిద్దాడు. తొమ్మిది మీద మాత్రం ఏ గీతా లేదు. చూశాడో, చూడలేదో! ఆ మనిషి బతికుంటే భుజాలు పట్టుకుని ఊపేసేదాన్ని.

కోపంతో ఆ పెట్టె కిందికి తోసి, దాని కింద ఉన్నది లాగాను. లాబ్‌కి వచ్చిన ప్రశ్నలు, ఇచ్చిన జవాబులు. 1960 మార్చిలో ప్రొడక్షన్‌వాళ్ళు అడిగారు: "తొమ్మిదో నిబంధనలో టైపు పొరపాటు ఉన్నట్టుంది. ఉక్కు భాగాలకు మాత్రమే అని ఉండాలి కదా? ప్రతి శుక్రవారం ఇత్తడి పని మూడు గంటలు వెనకబడుతోంది. దయచేసి సరిచేయగలరు."

ఆ ఫైల్లో జవాబులన్నీ టైపు కొట్టినవే, అంటే మెర్ల్ చేతి మీదుగా వెళ్ళినవే. ఇది ఒక్కటే చేత్తో రాసింది. ఆవిడ కంటపడకుండా తనే పట్టుకెళ్ళి ఇచ్చి ఉంటాడు.

"పొరపాటు లేదు. నా ఉద్దేశం అదే. మార్చనవసరం లేదు. — ఇ. వీటోల్స్."

సంతోషం వేయాలి. కానీ నాకు భయం వేసింది. పదిహేడేళ్ళ క్రితం పోయిన మనిషి జవాబు చేతిలో పెట్టుకుని, ఇవ్వాలా వద్దా అని అటక మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. దాచడానికి నేనెవర్ని? వెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాను.

మెర్ల్ చదివింది. మళ్ళీ చదివింది. తారీఖు మీద వేలు పెట్టింది.

"మార్చి అరవై."

"అవును."

"అంటే మూడేళ్ళు. తెలిసే వచ్చాడు."

"తెలిసే వచ్చాడు మెర్ల్."

మొహం వెలుగుతుందనుకున్నాను. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. "సముద్రం లేదన్నాడే నాతో! నన్ను రమ్మన్నాడే అది! ఒక్క మాట సరిగ్గా అని ఉంటే వెళ్ళిపోయేదాన్ని డెస్. ఆ ఎండలో మాడిపోయినా సరే. ఉంగరం ఉంటే ఉండనీ."

నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు. "మీ ఇద్దరికీ నోళ్ళు లేవా? పద్నాలుగు పేజీలు రాసుకున్నారు, అందులో ఒకరికొకరు ఒక్క ముక్క రాసుకోలేకపోయారా?"

"రాసుకున్నాంగా" అంది. "ఫ్యాక్టరీ అంతా చదివింది. మేమే చదువుకోలేదు."

నేను పట్టిక తెరిచాను. నా మాట నాకే వింతగా వినిపించింది. "మురికి సంగతి రాసేస్తాను మెర్ల్. తొమ్మిదిని ఉంచేద్దాం. ఎవరూ అడగరు."

"వద్దు. ఇత్తడికి ఏమీ కాదని ఆయనకి తెలుసు. ఆయన కాగితంలో అబద్ధం పెట్టకు."

"మరి కారణం గడిలో ఏం రాయను?"

ముక్కు చీదుకుని, కాస్త ఆలోచించి, ఒకప్పుడు ఆయన రాసిచ్చి ఈవిడ చేత టైపు కొట్టించినట్టు నా చేత రాయించింది. "రాసినవారు తెలిసే పెట్టారు. ఇప్పుడు అవసరం లేదు."

రాశాను. రాసి, "నిజంగా అవసరం లేదా?" అన్నాను.

"రాయమన్నాను అంతే. అవసరం లేదని నేను అనలేదు."

ఆగస్టులో కొత్త ప్రమాణం అమల్లోకి వచ్చింది. రైల్వేవాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు, క్లైవ్ దాన్ని గోడకు తగిలించాడు. మొదటి శుక్రవారం రెండు దాటాక ఇత్తడి కుళాయిలు వరసగా తొట్టిలోకి దిగాయి. బ్రూనో నన్ను ఇటాలియన్‌లో తిట్టాడు, అందులో సగం నాకు అర్థమయింది. మెర్ల్ ఎప్పటిలాగే రెండింటికి లేచి, కోటు వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ తొట్ల మోటార్ల చప్పుడు విని ఆగింది. వెనక్కి వచ్చి కూర్చుని, కోటు విప్పకుండానే ఐదింటిదాకా పని చేసింది.